చచ్చినోళ్ళ ఆల్బం

జూన్ 2, సోమవారం

ఆల్బం అయిపోయింది. పది పాటలు. గిటారూ గొంతూ నావి, బేస్ మద్దిలేటి, డ్రమ్స్ బాషా. ముగ్గురి వయసూ కలిపితే నూటయాభై దాటుతుంది. పన్నెండు తీగల గిటారు గలగలమంటోంది. తీగల మోతను పట్టే దాని పికప్‌కు రాగితీగ నేనే చుట్టాను. ఇన్నేళ్ళుగా బోరు మోటార్లకు చుట్టిన చెయ్యి, ఇంత బుల్లి డబ్బాకు చుట్టలేదా?

జూన్ 4

ఇంట్లో నా భార్య సుగుణకు వినిపించాను. "ఈ వయసులో ఏం పిచ్చి నీకు? చర్చిలో పాడినట్ల పాడితే కాదా?"

పాస్టరయ్య మూడో పాట అర నిమిషం విని ఆపించాడు. "గిటారు ఎనక్కి తిరిగి మోగుతాండాది. మంచిది కాదప్పా." రికార్డు చేసి వెనక్కి తిప్పింది నేనయ్యా, సైతాను కాదు — అన్నాను. "మత్తు పాటలంట గదా ఇవి?"

మత్తెందుకు... మే నెల మిట్టమధ్యాహ్నం ఓర్వకల్లు రోడ్డు మీద బండి తోలితే చాలదా? రోడ్డు నీళ్ళవుతుంది. గుట్టలు ఊగుతాయి. ఆ పాటలే ఇవి.

జూన్ 7

హైదరాబాదులో నాలుగు కంపెనీలకు పంపితే ఒకడే జవాబిచ్చాడు. "సౌండ్ బాగుంది సర్. కానీ మీ ఏజ్ గ్రూప్‌కి మార్కెట్ లేదు."

ఏజ్ గ్రూపంట. మీ నాయన ఏజ్ గ్రూపురా నాది.

జూన్ 8, ఆదివారం

ఒక కొంటెపని చేశాను. రాయకుండా ఉండలేను.

అయిదో పాట వాట్సాప్‌లో వదిలాను. కింద — "మిషన్ హాస్టల్ అటక మీద దొరికిన పాత టేపు. అరవైలలో మన కర్నూలు పిల్లలు వాయించింది. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు." పాతదిగా వినబడాలని చిటపటలు కలిపాను: పెనం మీద ఆవాలు వేయించి రికార్డు చేసినవి.

"తిరగమాత ఎవరికి?" అంది సుగుణ.

చచ్చినోళ్ళకు, అన్నాను.

పూర్తి అబద్ధం కూడా కాదు. ఆ హాస్టల్లోనే నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, మిషన్ తెల్లదొరగారు వదిలేసిపోయిన రికార్డుల పెట్టె ఒకటి ఉండేది. అరవైల నాటి గిటారు పాటలు. మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. ఆ గలగల మాత్రం పట్టుకుంది. పదో తరగతి పోయింది గానీ అది పోలేదు.

జూన్ 11

ఊరంతా తిరుగుతోంది. పాస్టరయ్యే నాకు పంపాడు! "చూడప్పా యోబూ, ఆ కాలమోళ్ళు ఎంత బాగ వాయించినారో. నువ్వూ ఉండావు."

ప్రతి ఆదివారం నా గొంతు వినే మనిషి. నాలుగు ఆవాలు అడ్డం వస్తే పోల్చుకోలేకపోయాడు. ఇందులోనూ గిటారు వెనక్కే మోగుతుంది — చచ్చినోళ్ళు వాయిస్తే పరిశుద్ధమైపోయింది.

పొట్ట పట్టుకుని నవ్వాను. బాషా నవ్వలేదు. "నగు భాయ్, నగు. మన ముగ్గురినీ సంపేసినావు గదా."

జూన్ 14

అదే కంపెనీవాడు ఫోను. పాట మొదట ఎవరు పంపారో ఆరా తీసి నా నంబరు పట్టాడట. ఈసారి గొంతులో తేనె. టేపు మొత్తం కావాలట, ఆల్బంగా వేస్తాడట.

ఏజ్ గ్రూపు వాళ్ళమే నాయనా, మేమే — అన్నాను.

"మీరా సర్!" అన్నాడు. తర్వాత, "ఎవరికీ చెప్పకండి సర్. మీ పేర్లు వద్దు. చనిపోయినవాళ్ళుగానే ఉంచేద్దాం."

జూన్ 15

మద్దిలేటి ఒప్పుకోమంటాడు. "పాట బయటికి పోతాది గదప్పా. పేరుతో ఏం పని?"

పేరుతోనే పని. కర్నూల్లో నేను మోటార్ల యోబును. మోటారు కాలితే గుర్తొస్తాను. నేను చేసినవాటిలో కాలిపోనివి ఈ పదే. బతికుండగానే వినండి, బతికున్నవాణ్ణే మెచ్చుకోండి. ఇష్టం లేకుంటే ముఖాన తిట్టండి.

కంపెనీకి మెసేజ్ కొట్టాను: శవాలు సంతకం పెట్టవు.

జూన్ 17

మా ముగ్గురి ఫోటో పెట్టి నిజం చెప్పేద్దామని కూర్చున్నాను. కడప నుంచి ఫోను. ముసలామె, పేరు రత్నమ్మ.

"టేపు దొరికింది నీకేనంట గదా నాయనా. ఆ పాడేది మా ఆయన, సామేలు. ఆ హాస్టల్లోనే సదువుకున్యాడు. గిటారు వాయిస్తాండ్య." ఏడుస్తోంది. "ఆ గొంతు నాకు తెల్దా?"

గొంతు నాదని చెప్పకుండానే ఫోను పెట్టేశాను.

ఫోటో పెట్టలేదు.

జూన్ 18

బాషా: "ఫోన్లో చెప్పొద్దు. పోయి ఎదురుగా కూసోని తిట్టించుకో."

జూన్ 20

కడప బస్సు. ఒళ్ళో గిటారు. "భజనకా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు. ఇంకెప్పుడైనా అయితే వాణ్ణి కడప దాకా ఏడిపించేవాణ్ణి. ఇవాళ టికెట్ తీసుకుని ఊరుకున్నాను.

చిన్న ఇల్లు. కాఫీ ఇచ్చింది. గోడ మీద సామేలు — సన్న మీసం, చేతిలో నిజంగానే గిటారు. ఫోటోకు కొత్త దండ. ముందు గిటారు తీసి పాట పాడాను. అదే పాట, మొత్తం. కళ్ళు మూసుకుని వింది.

"అమ్మా, టేపు లేదు. గొంతు నాది. తమాషాకు చేసినాను."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

"రెండోసారి ఇన్నప్పుడే అనుమానం వచ్చెనప్పా. ఆయన గొంతు ఇంత లావు కాదు."

"మరి నాకు ఫోనెందుకు చేస్తివమ్మా?"

"ఆయన పోయి ముప్పై ఏండ్లాయ. పాడతాండ్యనని ఈ ఈదిలో ఒకరికీ తెల్దు. ఇప్పుడు పక్కింటోళ్ళు వచ్చి దండేసి పోయిరి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నీ పాటలు నువ్వు తీసుకో నాయనా. ఈ ఒక్కదాని మీద ఆయన పేరు ఉండనీ. నీకు పది ఉండాయి గదా."

జూన్ 22, ఆదివారం

కంపెనీ పీడ వదిలింది. మేమే నెట్‌లో ఎక్కిస్తున్నాం. అట్ట మీద మేం ముగ్గురం, వైండింగ్ షెడ్డు ముందు, తలకు రంగు లేకుండా. ఫోటో సుగుణ తీసింది. "పొట్ట లోపలికి పీల్చు." పీల్చను. చర్చిలో పొద్దున అందరి ముందే చెప్పేశాను, ఆ టేపు మేమేనని. పాస్టరయ్య ముఖం చూడాల్సింది.

పాడినవారు: యోబు. తొమ్మిది పాటలకు కొట్టాను. అయిదో పాట గడి ఖాళీ. పదింటిలోకీ మంచిది అదే.

"సామేలని రాసెయ్యప్పా, ఏం పోతాది" — మద్దిలేటి.

"రాస్తే మళ్ళా అబద్ధమే గదా" — బాషా.

ఇద్దరూ నా ముఖమే చూస్తున్నారు. చావనంటే చావనని కంపెనీతో కొట్లాడినవాణ్ణి. ఆమె ఒక్క పాటకు చావమంటోంది... మర్యాదగా, కాఫీ ఇచ్చి.

'యో' కొట్టాను. ఆపాను.