పేరడగకుండా పోసిన రసం

విచారణ అధికారి గారికి,

అయ్యా, నేను నాతవరం దగ్గర బెల్లం వండే నానాజీ భార్యను. ఉగ్రవాదుల కేసని ఆయన్ని మీరు తీసుకెళ్ళి ఐదు నెలలైంది. తొంభై రోజుల్లో కోర్టులో కాగితాలు పెడతామన్నారు. అవి గడిచాక ఇంకో తొంభై రోజులు గడువు తెచ్చుకున్నారు. ఆయన చేసిన తప్పేమిటని వకీలు గారిని అడిగితే, "ఇంకా రాయలేదమ్మా" అంటున్నారు. రాయని తప్పుకి మనిషిని ఎలా ఉంచుతారో నాకు తెలియడం లేదు. ఇలా అడిగానని ఆయన మీద కోపం చూపించకండి.

ఫొటోలో ఇద్దర్ని చూపించి, వీళ్ళకి చెరకు రసం పోశాడా అన్నారు. పోసే ఉంటాడు. మా వైపు గానుగ ఆడేటప్పుడు దాహమని వచ్చినవాళ్ళని రసం పోయకుండా పంపరు. పేరూ ఊరూ అడగరు. "పేరడిగి పోత్తే పున్నెం పోద్దే" అంటుంది మా అత్త. ఆ మాట చెబితే ఆవిణ్ణి కూడా తీసుకెళ్తారేమోనని ఆ రోజు చెప్పలేదు.

ఆయనకి బీపీ మాత్ర పొద్దున్నే వేయించండి.

కార్తీకంలో మళ్ళీ గానుగ మొదలుపెట్టాలి. ఎవరైనా దాహమని వస్తే నేనేం చెయ్యాలి? పేరడిగితే నిజమే చెబుతారా?

ఆయన్ని తీసుకెళ్ళిన రోజు మీరు నలుగురూ మామూలు బట్టల్లో వచ్చారు. ఆయన మీ పేర్లూ అడగలేదు. గ్లాసులు కడిగి రసం పోశాడు. మీరు తాగి, గ్లాసులు కింద పెట్టి, అప్పుడు ఆయన పేరడిగారు.