పీత కథ గౌరి చదివింది

గురువారం, రాత్రి

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఎవరైనా చదివితే మన్నించాలి.

ఈరోజు దువ్వాడ బడికి నేను రాసిన పిల్లల పుస్తకం పట్టుకుని వెళ్ళాను. హార్బర్లో లంగరు గొలుసులో ఇరుక్కున్న పీత కథ. అంతమంది పిల్లల్ని చూసేసరికి నా గొంతు లోపలికి పోయింది. రెండు ముక్కలు చదివానో లేదో, వెనక బెంచీ కుర్రాడు, "తాతా, నీకు నువ్వే సెప్పుకుంతన్నావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు.

ముందు కూర్చున్న గౌరి అనే పిల్లకి పుస్తకం ఇచ్చేశాను. "నువ్వు సదువమ్మా."

తెలుగు మేడం కంగారుపడి, "దానికి చదవడం రాదండీ, వేరేవాళ్ళకివ్వండి," అన్నారు. గౌరి తల దించేసుకుంది. పిల్లని నలుగురిలో ఇరికించేశానే అనుకున్నాను. కానీ వెనక్కి తీసుకుంటే ఇక ఏ పుస్తకమూ ముట్టదు. తీసుకోలేదు.

గౌరి కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. సగం కథలో బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. "కానీయే, పీత బయటికొచ్చిందా నేదా?" అన్నాడు ఆ వెనక బెంచీవాడే.

పుస్తకం గౌరి చేతిలోనే వదిలేశాను. "మిగతాది సదివి, పీతకేటయ్యిందో నాకు ఉత్తరం రాయి."

"తప్పులొత్తాయి తాతా."

"నాకూ ఒత్తాయే."

ఇంటికెళ్ళి పుస్తకం సంచిలోంచి తీసిందో లేదో. తీసే ఉంటుంది. పీతకి ఏమైందో నాకు తెలుసు, రాసింది నేనే. అయినా గౌరి చెబితే వినాలని ఉంది. తొందరగా రాయమ్మా.