సగం మాత్ర

డాక్టరమ్మ గారికి,

నస్పూర్ నుంచి నమస్కారాలు. నాకూ పక్కింటి వనజకూ రొమ్ము క్యాన్సర్‌కు మీరే ఆపరేషన్ చేశారు. ఆమెకు రోజూ హార్మోన్ మాత్ర రాశారు. నాకేమో, "నీ గడ్డలో హార్మోన్ రిసెప్టర్లు లేవు, ఆ మాత్ర పనిచెయ్యదు" అన్నారు. నేను నమ్మలేదు. వాళ్లాయన గనిలో పర్మినెంటు, మా ఆయన కాంట్రాక్టు కూలీ. మంచి మందు మాకు దాచారనుకున్నాను.

వనజ కూడా అట్లాగే అనుకుంది. "కూర పంచుకుంటలేమా అక్కా? గిది గూడ సగం నీదే" అని రోజూ మాత్ర విరిచి ఇస్తోంది.

మొన్న ఆమె చంకలో మళ్లీ గడ్డ తేలింది. అయినా ఈ పొద్దున సగం తెచ్చింది. ఆ ముక్క ఇంకా నా పిడికిట్లోనే ఉంది.

మీరు చెప్పింది నిజమైతే, ఇన్నాళ్లూ నేను మింగింది ఎవరి మందు? దయచేసి, "నీకు అబద్ధమే చెప్పాను" అని ఒక్క ముక్క రాయండి.