గోళ్ల మీద మిగిలిన ఎరుపు

చిన్నీ,

గోరింటాకు ముద్ద ఫ్రిజ్‌లో కింది అరలో ఉంది. కాసేపు ముందే బయట పెట్టు. పార్లర్ ఆవిడని అరచేతుల్లో నిండుగా పెట్టమను, అక్కడ చర్మం మందం కాబట్టి రెండు వారాలైనా నిలుస్తుంది. చేతి వెనక వారం దాటదు. ముంజేతి మీద అంతకన్నా ముందే వెలిసిపోతుంది.

నీ పెళ్ళికి నేనే పెట్టాలని అమ్మ పట్టుబట్టింది. ఇన్ని పెళ్ళిళ్ళకి పెట్టిన చేతులే, నీ దగ్గరికొచ్చేసరికి ఆడటం లేదు. నాకు కుదిరిన పెళ్ళికొడుకు నిన్ను చేసుకుంటానన్నాడని పక్కింటావిడ చెబితే తెలిసింది నాకు. నువ్వే చెప్పి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఒకే మంచం మీద పడుకుంటూ కూడా నోరు విప్పలేదు నువ్వు.

అతనితో నిశ్చితార్థానికి పెట్టుకున్నది నా అరచేతుల్లో ఎప్పుడో పోయింది. గోళ్ల మీద మాత్రం ఇంకా ఉంది. గోరు పెరిగి, కత్తిరించుకుంటూ పోతే తప్ప అది పోదు.

పెళ్ళికి రాను. పని తగిలి వెళ్ళానని అమ్మకి చెప్పు.

అక్క

అన్నట్టు, ముద్ద పెట్టుకుని ఫ్యాన్ కింద కూర్చోకు, నీకు జలుబు చేస్తుంది. ఆ సంగతి అతనికింకా తెలియదు.