దేవుని కుండలో సన్నబియ్యం

సవితా,

క్రిస్మస్‌కి చర్చి కడగాలని పొద్దున్నే పోతాండా. చారు పొయ్యి మీద ఉండాది, వేడి చేసుకొని తిను. నాయనకు మాత్ర మర్చిపోవద్దు.

మధ్యాహ్నంలోగా దేవుని కుండ చర్చికి తీసుకురా. దినమూ ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి దాంట్లో వేస్తామే, ఆ బియ్యమే ఈరోజు లేనోళ్ల ఇండ్లకు పోతాయి. అయితే నిన్న మూత తీసి చూస్తే కుండ నిండా రేషన్ బియ్యం ఉండాయి. మన సన్నబియ్యం మళ్లీ డబ్బాలోకి వచ్చి చేరినాయి. పండక్కి ఇంట్లో తక్కువ పడతాయని నువ్వే మార్చినావని తెలుసు. "ఇచ్చేదానికి ఏవైతే ఏందిమా" అని మొన్న అంటివి కదా.

రేషన్‌వి తక్కువని కాదు. వాటిని మనం దోసెలకు నానబెడతాం. అన్నానికి ఏవి వండుకుంటామో అవే కుండలో ఉండాల. మళ్లీ మార్చి పోసి తీసుకురా. నాకేం కోపం లేదు.

ఎవరింటికి పోతాయని పాస్టరమ్మను అడగొద్దు. ఆమె చెప్పదు, చెప్పకూడదు.

అమ్మ

నీకు చెప్పకూడదనే ఇన్నాళ్లూ అనుకుంటి. పోయిన పండక్కి మా జీన్స్ కుట్టే యూనిట్ మూసేసి నాకు పని లేదు. ఆ రోజు "అన్నం ఎంత బాగుందిమా" అని మళ్లీ పెట్టించుకొని తింటివే, ఆ బియ్యం ఎవరింటి దేవుని కుండలోవో నాకు ఈరోజుకూ తెలీదు.