విడర్‌షిన్స్ నడక

మార్చి 3, సోమవారం. ఉదయం 7:10
ఈ రోజు నుంచి నెల రోజులపాటు చర్చి చుట్టూ విడర్‌షిన్స్ నడుస్తాను. అంటే పొద్దు తిరిగే దారికి ఎదురు, చర్చి ఎడమచేతి వైపు ఉండేలా. మా స్కాట్లాండు రేవుల్లో అది అరిష్టమట. తమ్ముడు మర్డో పడవను రేవులో ఒకసారి కుడిచుట్టు తిప్పనిదే సముద్రంలోకి పోడు. ముప్పై ఏళ్ళు లైబ్రరీ నడిపినదాని ఇంట్లో ఈ మూఢనమ్మకం!
మొదటి చుట్టు పూర్తి. ఏమీ కాలేదు. ఓట్స్ జావ కూడా బాగా కుదిరింది.

మార్చి 4
నిఘంటువు తీశాను. ఉత్తర జర్మనీ పాత భాషలో ఆ మాటకు అర్థం 'ఎదురు దిశ'. అంతే. సూర్యుడి ఊసే లేదు. చివర ఉన్న ముక్క మావాళ్ళ చెవికి సూర్యుడి పేరులా వినబడి, ఆయన్ని ఇరికించారు. ఒకప్పుడు జుట్టు నిక్కబొడుచుకోవడాన్నీ ఇదే మాటతో చెప్పారట. భోజనాల దగ్గర చదివి వినిపించాను.
"మాట ఎక్కడ పుడితే నాకేంటక్కా? మునిగేది ఇక్కడ" అన్నాడు మర్డో. చేపల సూపు సగంలో వదిలేసి లేచాడు.

మార్చి 5
మూడో చుట్టు. పక్కింటి ఎల్‌స్పెత్ కిటికీ తెరిచింది.
"మోకాలి నొప్పికా, గ్రిజెల్?"
"కాదు, శాస్త్రానికి."
"మీవాడు ఒడ్డున ఉన్నప్పుడు చేసుకోరాదూ ఆ శాస్త్రం?"

మార్చి 6
వాన. సగం చుట్టు. సగమైనా విడర్‌షిన్స్ విడర్‌షిన్సే.

మార్చి 7, శుక్రవారం
10:00. మర్డో ఎనిమిదింటికే రావాలి. సముద్రం మీద దట్టంగా పొగమంచు. ఫోన్ కలవడం లేదు.
11:30. రేవులో ఎవరూ నా మొహం చూడటం లేదు. మా ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.
12:05. జుట్టు నిక్కబొడుచుకుంది.
12:10. చర్చి చుట్టూ కుడివైపుగా పరుగు. ఎదురు తిరిగిన మూడున్నర చుట్లు విప్పడానికి నాలుగు చాలు. ఎందుకైనా మంచిదని ఏడు తిరిగాను. పాస్టరుగారు టోపీ తీసి దారి ఇచ్చారు.
2:40. వచ్చాడు. వల ప్రొపెల్లర్‌కు చుట్టుకుందట.
"ఎటువైపు చుట్టుకుంది?" అన్నాను.
"అక్కా, ఊరుకో."
తడికోటుతోనే వాటేసుకున్నాను.
"ఏడు చుట్లటగా? ఎల్‌స్పెత్ లెక్కపెట్టింది" అన్నాడు నా భుజం మీదే నవ్వుతూ.

మార్చి 8, శనివారం
నిఘంటువు మళ్ళీ చూశాను. అర్థం ఏమీ మారలేదు. మారింది నేనే. సిగ్గుచేటు.
రేపు మళ్ళీ ఒకటో రోజు, విడర్‌షిన్సే. రేపు ఆదివారం, ఏ పడవా కదలదు.