సారీ పక్కన ఖాళీ గడి

జూన్ 3, సోమవారం, ఉదయం 8.40

బస్సు డ్రైవర్ నాకు జవాబిచ్చాడు! దిగుతూ థాంక్యూ అన్నాను. రోజూ రోడ్డు తప్ప మనిషిని చూడని ఆయన తల తిప్పి, వెల్కమ్ తల్లీ, చూసుకుని దిగు అన్నాడు. కాలేజీ దాకా నడవలేదు, ఎగిరాను.

ఇది స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు హోంవర్క్. మా సార్ మండుటెండలో కూడా కోటు విప్పరు, అందుకే అందరికీ కోటు మాస్టారు. నోట్సులో రెండు గడులు గీయమన్నారు. మొదటి దాంట్లో మనం అన్న మర్యాద మాట. రెండో దాంట్లో అవతలివాళ్ల రెస్పాన్స్. చెవులతో విన్నదే రాయాలట. ప్లీజ్, పార్డన్, ఎక్స్‌క్యూజ్ మీ... ఎంత చిన్న మాటలు! జేబులో వేసుకుని తిరగొచ్చు.

సాయంత్రం

మంచినీళ్లిచ్చిందని అమ్మకి థాంక్యూ చెప్పాను. అమ్మ ముఖం చిన్నబోయింది. నేనేమైనా పక్కింటావిడనా, నాకు థాంక్సులేమిటే అంది. రెండో గడిలో అదే రాశాను.

జూన్ 4, మంగళవారం

తొమ్మిది సారీలు. ఎనిమిది ఇట్స్ ఓకేలు. తొమ్మిదోది పొరపాటున లైబ్రరీ తలుపుకి చెప్పాను.

జూన్ 5, బుధవారం

నాన్న నా నోట్సు చదివాడు!

నాన్న గడియారాలు బాగుచేస్తాడు. బాబాయి కళ్లజోళ్లు చేస్తాడు. ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే కొట్టు. రెండేళ్ల క్రితం ఒక కస్టమర్ ఎదుట నాన్న నోరు జారాడు. నీ చేతిలో పనితనం లేదురా, నా నీడన బతికేస్తున్నావు అని. మర్నాటికల్లా బాబాయి కొట్టు మధ్య ప్లైవుడ్ చెక్క బిగించేశాడు. అప్పటినుంచి మాటల్లేవు. అటు దగ్గితే ఇటు వినపడుతుంది, అంతే.

ఈరోజు నాన్న విప్పిన గడియారంలోకి చూస్తూనే అడిగాడు, బస్సులో ఎవరి కాలైనా తొక్కితే ఏమనాలని. సారీ అన్నాను. గట్టిగా తొక్కితే? వెరీ సారీ. కంటి భూతద్దం తీసి పక్కన పెట్టి, తొక్కి రెండేళ్లయితే? అన్నాడు.

అడుగుతున్నది బస్సు గురించి కాదు, బాబాయి గురించని అప్పుడర్థమైంది.

క్షమించు అనడానికి నోరు రాదట, నాటకంలో వేషం కట్టినట్టు ఉంటుందట. సారీ అయితే అనగలడట. కానీ వాడు ఇట్స్ ఓకే అనకపోతేనో? ఆ గడి ఖాళీగా ఉండిపోతే ఈ జన్మకి మళ్లీ వాడి గుమ్మం ఎక్కలేనే అన్నాడు.

జూన్ 6, గురువారం

కోటు మాస్టారిని అడిగాను. మొదటి గడి మన చేతిలో ఉంటుందమ్మా, రెండోది ఉండదు అన్నారు. పాఠం అంతేనట. ఇదేం పాఠం!

నాన్న మాత్రం పొద్దున్నుంచీ కొట్లో గోడగడియారాలకి వరసగా సారీ చెప్పి ప్రాక్టీసు చేస్తున్నాడు. పన్నెండింటిలో ఒకటి టంగుమంది. శుభమన్నాడు.

జూన్ 7, శుక్రవారం

కొంప మునిగింది. నాన్న బాబాయి గుమ్మం ఎక్కాడు. వెనకే నేను. లోపల ఇద్దరు కస్టమర్లు. నాన్న గొంతు సవరించుకుని, బాబాయి కళ్లలోకి చూసి, థాంక్యూ అన్నాడు!

కస్టమర్లు పకపకా నవ్వారు. బాబాయి నవ్వలేదు. నాన్న గిరుక్కున వెనక్కి తిరిగాడు. భోజనం దగ్గర కూడా తలెత్తలేదు. తప్పు నాదే. ఒక్క మాట కావలసిన మనిషికి పది నేర్పాను.

జూన్ 8, శనివారం, సాయంత్రం 5

కొట్లోనే నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ!

టీ ఫ్లాస్కుతో కొట్టుకి వెళ్లానా, చెక్క అవతలనుంచి బాబాయి గొంతు! మొన్న గడియారాలన్నిటికీ చెప్పిన మాట నాకెందుకు చెప్పలేదు అన్నయ్యా, నేను వాటిపాటి చేయనా? అంటున్నాడు.

నాన్న చేతిలో పట్టకారు జారి కిందపడింది. లేచి చెక్క దగ్గరికి వెళ్లాడు. ఐ యామ్ వెరీ సారీరా అన్నాడు. ఆ 'రా' నేను నేర్పలేదు. నలుగురిలో అలా అనకూడదురా, నీ పని నాకు తెలుసు, నోరే నా మాట వినలేదు అని తెలుగులోనూ అన్నాడు.

పన్నెండు గడియారాలూ టకటకమంటున్నాయి. ఇట్స్ ఓకే కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

టీ తాగావా? అన్నాడు బాబాయి.

లేదురా అన్నాడు నాన్న. అయితే ఆగు, వస్తున్నా అన్నాడు బాబాయి.

రెండో గడిలో రాశాను: టీ తాగావా.

జూన్ 9, ఆదివారం

చెక్కకి పద్నాలుగు స్క్రూలు. నాన్న గంటసేపు తంటాలుపడ్డా ఒక్కటీ కదల్లేదు. చూశావా, పనితనమంటే ఇదీ అన్నాడు బాబాయి. రేపు పొద్దున ఆరింటికి ఆయనే వచ్చి విప్పుతాడు. స్క్రూలు వేసే డబ్బా పట్టుకోవడం నా పని.